బొంగుకు అంటు లేదట

మొన్న భద్రాచలంలో ఏదో సభ ఉంది, వచ్చి నాలుగు మాటలు చెప్పమని పిలిస్తే ఖమ్మం నుంచి కారులో బయలుదేరాను. నాకు తోడుగా వచ్చిన స్నేహితురాలు బ్యాంకు ఉద్యోగం చేసి నాలాగే రిటైరైన మనిషి. పాల్వంచ దాటి బూర్గంపాడు దారిలో పడ్డాక రోడ్డు పక్కన వరసగా రేకుల షెడ్లు, ప్రతి షెడ్డు ముందు నిప్పుల మీద వాల్చిన పచ్చి వెదురు గొట్టాలు, వాటి మూతుల్లో కుక్కిన ఆకుల సందుల్లోంచి బుసబుసమని పైకి లేస్తున్న ఆవిరి కనబడేసరికి ఆవిడ కారాపమంది. బొంగు చికెన్ తినకుండా ఈ దారిన పోవడం పాపమట. పాపపుణ్యాల మాట నా దగ్గర ఎత్తకూడదని ఆవిడకు తెలుసు, అయినా ఆకలి మీద ఉన్న మనిషితో వాదించడం నాకూ ఇష్టం లేక దిగాను.

షెడ్డు మీద పెద్ద బోర్డు. వేల ఏళ్ల నాటి ఆదిమ వంట అని ఒక వరస, నూనె లేదు రోగం లేదు అని ఇంకో వరస, బీపీ షుగర్ మాయం అని ఎర్రటి అక్షరాల్లో మూడో వరస. ఇలాంటివి కనబడితే నోరు మూసుకుని ఉండటం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. గొట్టాలు తిప్పుతున్న కుర్రవాణ్ణి పట్టుకుని, బీపీ ఎట్లా పోతుందో, వేల ఏళ్లని ఎవరు లెక్కపెట్టారో చెప్పమన్నాను. అతను ఏమాత్రం తొణకలేదు.

"మేడం, బీపీ పోతదో పోదో నాకు తెల్వదు. బోర్డు రాసేటోడు రాసిండు. గానీ బోర్డు లేనప్పుడు గిరాకీ లేకుండె."

ఇంత నిజాయితీ నేను చాలా వేదికల మీద చూడలేదు. ఈ వంట ఎవరు మొదలుపెట్టారయ్యా అంటే మా తాతలే అన్నాడు. పక్క షెడ్డు అతను మెడ సాచి, కాదు, మా తాతలన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు, నేనూ నవ్వాను. కూర బాగానే ఉంది. మసాలా ఎక్కువ, అల్లంవెల్లుల్లి ముద్ద ఇంకా ఎక్కువ, పచ్చి వెదురు వాసన మాత్రం అన్నీ అయిపోయాక గొంతు చివర ఎక్కడో కొంచెం తగిలింది. ఆ కొంచెం తగిలినందుకే గోదావరి బ్రిడ్జి దాటేదాకా నేను మాట్లాడలేదు. ఒంట్లో బాగాలేదేమోనని మా స్నేహితురాలు రెండుసార్లు అడిగింది.

నా ఈడు వాళ్లు ఈ ప్రాంతంలో ఎంతమంది మిగిలారో తెలియదు కానీ, ఉన్నవాళ్లకు బోర్డు అక్కర్లేదు. ఈ వంట పుట్టుక గురించి నాకు తెలిసినంతవరకు చెబుతాను. తెలియనిది తెలియదనే చెబుతాను. అడవి లోపలి కోయ పల్లెల్లో వెదురు గొట్టంలో మాంసం కాల్చడం ఎప్పటి నుంచో ఉంది, ఎప్పటి నుంచో ఎవరూ చెప్పలేరు. మా వైపు ఊళ్లకు అది వచ్చిన దారి మాత్రం నాకు తెలుసు, అది వెదురు కూపుల దారి. అడవిని ముక్కలు చేసి ఈ ఏడు ఈ ముక్క, వచ్చే ఏడు ఆ ముక్క అని వంతులవారీగా వెదురు నరికించేవాళ్లు, ఒక్కొక్క ముక్కను కూపు అనేవాళ్లు. వానలు తగ్గాక మొదలైతే ఎండలు ముదిరేదాకా పని. నరికేవాళ్లు, కట్టలు మోసేవాళ్లు, లారీలకు ఎత్తేవాళ్లు, కోయ పల్లెల నుంచీ, మైదానం ఊళ్ల నుంచీ, ఊరవతలి వాడల నుంచీ అంతా అక్కడే గుడిసెలు వేసుకుని ఉండేవాళ్లు. రోజంతా వెదురు మధ్య బతికే మనిషి కుండ ఎందుకు మోసుకుపోతాడు? ఒక కణుపు అడుగున మూసి ఉంచి, పై కణుపు దగ్గర నరికితే అదే కుండ. పచ్చి బొంగులో నీరుంటుంది, ఆ నీరు ఆరేదాకా గొట్టం కాలదు, లోపల మాంసం తన ఊటలో తానే ఉడుకుతుంది. ఆ ఏడు లేచిన బొంగైతే మరీ లేత, కూర నీళ్లు నీళ్లు అవుతుంది, ముదిరిందైతే నిప్పు మీద ఢామ్మని పగులుతుంది, మధ్యది కావాలి. ఇందులో మహిమ ఏమీ లేదు. తెలివి ఉంది, అవసరం ఉంది.

కానీ ఇంకొక కారణం ఉంది, దాన్ని మాత్రం ఏ షెడ్డు వాడూ బోర్డు మీద రాయడు. కుండకు కులం ఉండేది. నా కుండ నువ్వు ముడితే నాకు పనికిరాదు, నీ కుండలోది నేను తింటే నా ఇంట్లోవాళ్లు నన్ను గడప తొక్కనివ్వరు. బొంగుకు ఆ గోల లేదు. అది ఈ పూట పుట్టి ఈ పూటే బూడిదయ్యేది, ఎవరింటిదీ కాదు. అందుకని ఒకే నిప్పు చుట్టూ ఎవరి గొట్టం వాళ్లు కాల్చుకుంటూ అన్ని కులాలవాళ్లూ పక్కపక్కన కూర్చునేవాళ్లు. కూపులో ఈ వంట అంతగా నచ్చడానికి రుచి ఎంత కారణమో ఇదీ అంతే కారణమని నా నమ్మకం. నమ్మకం అన్నాను, రుజువు అనలేదు. నా దగ్గరున్న సాక్ష్యం మా నాయనమ్మ ఒక్కతే.

మా నాన్న కొత్తగూడెం వైపు బొగ్గుబాయిలో పని చేసేవాడు. షిఫ్టు దిగి ఒళ్లు కడుక్కుంటే చెవుల వెనక మసి మిగిలిపోయేది, అట్లాగే ఆదివారం గ్రంథాలయానికి పోయి దేవుడున్నాడా లేడా అని వాదించేవాడు. జాతకాలు, దయ్యాలు, కులాంతర వివాహాలు, వారానికొక అంశం. నన్నూ తీసుకుపోయేవాడు. ఆడపిల్లను అలాంటి చోటికి ఎందుకు తీసుకుపోతావని అమ్మ అంటే, ఆడపిల్ల కాబట్టే అనేవాడు. ఇంట్లో కూడా ఎవరేమన్నా రుజువు అడిగేవాడు, పప్పులో ఉప్పు సరిపోయిందని అమ్మ అంటే దానికీ రుజువు అడిగి తిట్లు తినేవాడు. నేను కాలేజీకి వచ్చేసరికి అంతకంటే ముదిరాను. పోటీల్లో అవతలివాళ్లు నోరు తెరవకముందే వాళ్ల వాదన నేనే చెప్పి నేనే కొట్టేసేదాన్ని.

నాయనమ్మ మాత్రం మా దగ్గర ఉండలేదు. బొగ్గు పొగ తనకు పడదనేది. బూర్గంపాడుకు లోపలగా, చేలు అయిపోయి చెట్లు మొదలయ్యే చోట, గట్టిగా పిలిస్తే ఈ చివరి నుంచి ఆ చివరికి వినబడేంత పల్లెలో, చిన్నాన్న దగ్గర ఉండేది. చిన్నాన్న కూపులో కాపలా పని చేసేవాడు. అక్కడ వెదురు కట్టలు మోయడానికి వచ్చిన చిన్నమ్మను చూశాడు, ఇష్టపడ్డాడు. ఊరవతలి వాడలో పుట్టిన మనిషి. మా ఇల్లు ఏమంత గొప్పదని కాదు, రెండెకరాల మెట్ట, ఒక జత ఎడ్లు, కానీ ఊరి లెక్కలో మేము పైమెట్టు, వాళ్లు కింది మెట్టు. ఊళ్లో ఎవరూ ముందుకు రాకపోతే నాన్నే సెలవు పెట్టి పోయి, రిజిస్ట్రారు ఆఫీసులో సాక్షి సంతకం పెట్టి, దండలు మార్పించి తీసుకొచ్చాడు.

నాయనమ్మ ఏడవలేదు, శాపాలు పెట్టలేదు, కొడుకును పొమ్మనలేదు. ఇంటి ముందు దొడ్లోనే గుడిసె వేసుకోమంది. చిన్నమ్మ జ్వరంతో పడుకుంటే తానే దవాఖానాకు తీసుకుపోయింది. కలిసి పత్తి తీసేవాళ్లు, కలిసి కట్టెలకు పోయేవాళ్లు, ఒకరి తలలో ఒకరు పేలు చూసుకునేవాళ్లు. కానీ వంటింటి గడప మాత్రం చిన్నమ్మ దాటకూడదు. నీళ్ల కుండ ముట్టకూడదు, పొయ్యి ముట్టకూడదు, చిన్నమ్మ వండింది నాయనమ్మ తినకూడదు. ఇదేం న్యాయమని అడిగితే అదంతేనన్న ఒక్క మాట తప్ప జవాబు ఉండేది కాదు.

నాన్న దీని మీద యుద్ధం ప్రకటించాడు. తన తమ్ముడి భార్య చేతి నీళ్లు తల్లి తాగేదాకా ఆమె ఇంట్లో మెతుకు ముట్టనన్నాడు, అన్నట్టే ఊరికి పోయినప్పుడల్లా గుడిసెలోనే తినేవాడు. నాయనమ్మ ఇంట్లో ఒక్కతే కంచం ముందు కూర్చుంటే, గుడిసెలోంచి నాన్న నవ్వులు వినిపించేవి. ఆమె ముద్ద నోట్లో పెట్టుకుని ఆ నవ్వుల వైపు చూస్తూ నమలడం మరిచిపోవడం నేను చూశాను. నేను కూడా సెలవులకు పోతే నా వంతు వాదన నేను వాదించేదాన్ని. చిన్నమ్మ తీసిన పత్తి బట్టగా కట్టుకుంటావు, చిన్నమ్మ తెచ్చిన కట్టెతో పొయ్యి వెలిగిస్తావు, ఆ పొయ్యి మీద కూరకు మాత్రం ఆమె చెయ్యి పనికిరాదా అంటే, నాయనమ్మ శ్రద్ధగా విని, నువ్వు మీ నాయనలాగే మంచిగ మాట్లాడతవే అని మెచ్చుకుని లేచి వెళ్లిపోయేది. అంత మెత్తగా ఓడించినవాళ్లు నాకు మళ్లీ తగల్లేదు.

మా పల్లెలో ఒక ఆచారం ఉండేది. కూపు పని మొదలయ్యే ముందు అడవి అంచున వాగు ఒడ్డున ముత్యాలమ్మకు కోళ్లు కోసేవాళ్లు. అక్కడ వండింది అక్కడే తినాలి, ఇంటికి తేకూడదు. ఇంటి కుండ అక్కడికి పోకూడదు, అక్కడి కుండ ఇంటికి రాకూడదు, వస్తే అమ్మవారు వెంట వస్తుంది, ఇంటిల్లిపాదికీ ఒళ్లంతా పొక్కులు పోస్తుంది. అందుకని ఆ రోజు వంటంతా బొంగుల్లోనే. పొడుగ్గా నిప్పులు పరిచి రెండు వైపులా గొట్టాలు ఆనిస్తే దూరం నుంచి చూసేవాళ్లకు ఎవరో కంచె వేస్తున్నట్టు ఉండేది. పసుపు, కారం, ఉప్పు, దంచిన వెల్లుల్లి, అంతే. మూతికి అడ్డాకు కుక్కి తిప్పుతూ కూర్చోవాలి. గొట్టం నల్లబడి, ఆవిరి వాసన మారి, లోపల కుతకుత తగ్గినప్పుడు తీయాలి.

పెళ్లయిన మొదటి ఏడు చిన్నమ్మ తన గొట్టాన్ని వరస చివర ఆనించి, తీసి, చీల్చి, అడ్డాకులో పోసింది. ఆ వాసనకే అందరి తలలూ తిరిగాయట. నాయనమ్మ తన గొట్టంలోది రెండు ముక్కలు తిని పెట్టేసి, లేచిపోయి, కోడలి ఆకు ముందు కూర్చుని తినడం మొదలుపెట్టింది. వాగు ఒడ్డంతా అటే తిరిగింది. ఒక పెద్దాయన గొంతు సవరించుకుంటుంటే నాయనమ్మ తలెత్తకుండానే చెప్పింది.

"కుండకు అంటు ఉంటది గానీ బొంగుకేం అంటు? కాలి బూడిదయ్యేదే గద."

ఈ తీర్పు మా ఊళ్లో ఎవరూ అంతకుముందు విన్నది కాదు. కోడలి చెయ్యి పడదు గానీ కోడలు చేసిన కూర పడుతుందటమ్మా అని పక్కింటి ఆమె మూతి తిప్పితే, "నీ కూర మా కుక్క గూడ ముట్టదు గదనే, నీకెందుకు?" అని నాయనమ్మ ఇంకో ముక్క తీసుకుంది.

ఇక అక్కడి నుంచి మా ఇంట్లో బొంగుల రాజ్యం. పండుగ లేకపోయినా, అమ్మవారు లేకపోయినా, నాయనమ్మకు నాలుక పీకితే, అడవికి పోతున్న చిన్నాన్నను పిలిచి వచ్చేటప్పుడు ఒక బొంగు తెమ్మనేది. కోడి ఉంటే కోడి, లేకపోతే వాగులో చేపలు, అవీ లేకపోతే వంకాయ కూడా బొంగులోనే. దొడ్లో నిప్పులు, గుడిసె ముందు చిన్నమ్మ, అరుగు మీద నాయనమ్మ, మధ్యలో పొగ. ముసలిదానికి బొంగు పిచ్చి పట్టిందని ఊరంతా నవ్వుకుంది. నాన్న మాత్రం నవ్వలేదు. ఇది కులం చేసే మాయ అన్నాడు, నియమాన్ని ముట్టుకోకుండా కడుపు నింపుకునే దొంగ ఎత్తు అన్నాడు, అసలే తినకపోయినా గౌరవించేవాణ్ణి, ఇట్లా తింటే గౌరవించలేనన్నాడు. తల్లి ఇంట్లో తినకపోవడం అట్లాగే సాగించాడు. అప్పట్లో నేను ఆయన వైపే. మా కాలేజీలో మూఢాచారాల మీద మాట్లాడినప్పుడు పేరు చెప్పకుండా నాయనమ్మ బొంగును ఉదాహరణగా తీసుకుంటే సభ పగలబడి నవ్వింది, నాకు మొదటి బహుమతి కూడా వచ్చింది.

చిన్నమ్మ ఈ వాదనల్లో ఎప్పుడూ నోరు విప్పేది కాదు. మాట తక్కువ మనిషి కాదు, కూపులో ఆమె వేసే సెటైర్లకు లారీ డ్రైవర్లు దారి మార్చుకునేవాళ్లట. అత్త విషయంలో మాత్రం బొంగు నింపేది, తిప్పేది, చీల్చేది, అత్త తింటుంటే చూసేది. ఆ చూపులో సంతోషం ఉందని చాలాకాలం నేను అనుకున్నాను, ఉండే ఉంటుంది కూడా.

కొన్నేళ్లకు ఆమె కడుపుతో ఉంది. నెలలు నిండుతున్నాయి. దసరా సెలవులకు నేనూ నాన్నా పోయేసరికి నాయనమ్మ ఊయలకు తాడు పేనుతోంది, బిడ్డకు ఉగ్గు గిన్నె బయటికి తీసి తోమింది, వంటింట్లో పొయ్యి పక్కన వెచ్చగా ఉండే మూలలో బిడ్డను పడుకోబెట్టడానికి చోటు కూడా సర్దింది. కొడుకు బిడ్డ కాబట్టి బిడ్డకు అంటు లేదు. ఇదంతా ఆమె ఎంతో మురిపెంగా చిన్నమ్మకే చూపించింది, గడప బయట నిలబెట్టి. చిన్నమ్మ ఆ మూల వైపు చూసి, చేటలో బియ్యం ఏరుకోవడానికి గుడిసెకు పోయింది.

ఆ ఏడు వాగు ఒడ్డున అందరి గొట్టాలూ వరసగా పడ్డాయి. చిన్నాన్న ఎప్పటిలాగే లేతా ముదురూ కాని నదురైన బొంగు ఏరి నరికి తెచ్చి ఇచ్చాడు. చిన్నమ్మ దాన్ని పక్కన పెట్టింది. మూడు రాళ్లు పేర్చింది, గంపలోంచి కొత్త మట్టికుండ తీసింది, కోడికూర అందులో వండింది. చూస్తున్నవాళ్లకు ఏదో జరగబోతోందని తెలిసిపోయి, తిప్పడం మరిచిన ఒక గొట్టం ఢామ్మని పగిలితే కూడా ఎవరూ పట్టించుకోలేదు. కూర దించి, ఒక ఆకు వేసి, చిన్నమ్మ అత్త ముందు నిలబడింది. నాకు ఆ మాటలు ఒక్క అక్షరం పోకుండా గుర్తున్నాయి.

"అత్తా, బొంగుల వండితే తింటివి. ఇన్నేండ్లు వండి పెట్టిన. వండింది గీ చేతులే గద. రేపు నా బిడ్డ పుడతది, నీ వంటింట్ల పంటది, నీ కంచంల తింటది. అది ఏడిస్తే నేను గడప కాడ నిలబడి పిలవాల్నా? ఇయ్యాల కుండల వండిన. తింటే తిను, లేకుంటే లేదు. ఇగ బొంగుల మాత్రం నేను వండ."

నాన్న ముఖం వెలిగిపోయింది. ఇన్నేళ్ల తన వాదన ఇవాళ ఫలించిందని లేచి నిలబడి, మనిషి చేతికి అంటు అనేది చరిత్రలో ఎట్లా వచ్చిందో ఊరివాళ్లకు వివరించడం మొదలుపెట్టాడు. చిన్నమ్మ వెనక్కి తిరగకుండానే, "బావా, నువ్ జెర ఆగు. గిది మీటింగు గాదు," అంది. నాన్న కూర్చున్నాడు. ఆయనను ఒక్క మాటతో కూర్చోబెట్టిన మనిషిని నేను చూడటం అదే మొదలు.

నాయనమ్మ వంగి కుండను చుట్టూ చూసింది. తర్వాత నెమ్మదిగా విచారణ మొదలైంది. కుండ ఎక్కడిదని అడిగింది. సంతలో కొన్నదంది చిన్నమ్మ. గుడిసెలో పొయ్యి ఎక్కిందా అంటే లేదు, ఈ పూటే ఇక్కడే ఎక్కిందంది. నాయనమ్మ ముఖంలో ముడతలన్నీ ఒక్కసారి సడలాయి.

"అయితే అది గూడ బొంగు అసోంటిదే. ఏ ఇంటి పొయ్యీ ముట్టలే గద. తిన్నంక పగలగొడ్దాం తియ్."

కూర్చుని తిన్నది. మారు కూడా వేయించుకుంది. నాన్న రెండు చేతుల్లో తల పట్టుకున్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు, మనుషులు తమకు తాము కట్టుకున్న గోడల్లో ఇన్ని కంతలు ఎట్లా చేసుకుంటారో, చేసుకుని కూడా గోడను ఎందుకు ఉంచుకుంటారో అప్పుడూ అర్థం కాలేదు.

ఆకు మడిచి, చెయ్యి కడుక్కుని, ఇక పగలగొట్టమంది నాయనమ్మ. "మంచి కుండ, ఎందుకు పగలగొట్టాలె?" అంది చిన్నమ్మ. కుండ తీసుకుని వాగులోకి దిగింది, బూడిదా ఇసుకా వేసి తోమింది, నీళ్లు వంపేసి చంకన పెట్టుకుంది, నిండు కడుపుతో ఊరి దారి పట్టింది. అప్పుడు మొదలయ్యాయి కేకలు. అక్కడి కుండ ఇంటికి తీసుకుపోతోంది, అమ్మవారు వెంట పోతుంది, కడుపుతో ఉన్న మనిషికి బుద్ధి ఉండక్కర్లేదా అని. అడ్డం పడబోయిన ఒకామె, ఆ కడుపు చూసి, తోయడానికి భయపడి తప్పుకుంది. చిన్నాన్న ఒక పక్క నడిచాడు, నేను ఇంకో పక్క. నాన్న మా వెనక. నాయనమ్మ అందరికంటే వెనక, ఆగవే పిల్లా, ఆగవే అంటూ, పరిగెత్తలేక, నడవలేక.

చిన్నమ్మ దొడ్లోకి వచ్చింది, గుడిసె వైపు తిరగలేదు. అరుగెక్కింది. వంటింటి గడప దాటింది. కుండను పొయ్యి మీద పెట్టి, పొయ్యిలో నివురు ఊది, రెండు పుల్లలు వేసి, గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని కూర్చుంది. చెమటకు ఆమె రవిక వీపంతా తడిసిపోయింది. ఎవరి వైపూ చూడలేదు. నాయనమ్మ రొప్పుతూ వచ్చి, గడప బయట గుమ్మం పట్టుకుని ఆగింది. ఊరు సగం దొడ్లో నిలబడి ఉంది. పుల్లలు అంటుకున్నాయి. నాయనమ్మ చూపు కోడలి మీద నిలవలేదు, పొయ్యి మీద నిలిచింది. ఆ మంట ఉత్త కుండ అడుగును నాకుతుంటే ఆమెకు ఆగలేదు.

"ఉత్త కుండ పొయ్యి మీద పెడితే పగుల్తదే. ఎసరు పోయ్."

చిన్నమ్మ లేచి, మూలనున్న నీళ్ల కుండలో చెంబు ముంచి, ఎసరు పోసింది. దొడ్లో జనం కాసేపు నిలబడి, చూడటానికి ఇంకేమీ లేక వెళ్లిపోయారు. ఆ పూట నాన్న తన తల్లి ఇంట్లో అన్నం తిన్నాడు. ఉప్పుకు కూడా రుజువు అడగకుండా తిన్నాడు.

ఆ ఏడు ఊళ్లో ఎవరికి ఒళ్లు వెచ్చబడినా ఆ కుండ మీదికే నెట్టారు, మా ఇంటికి మాత్రం ఏ అమ్మవారూ రాలేదు. చిన్నమ్మకు ఆడపిల్ల పుట్టింది, పొయ్యి పక్క మూలలోనే పెరిగింది. నాన్న ఈ కథను ఎన్నో సభల్లో హేతువాద విజయంగా చెప్పాడు. నేను ఇందులో గెలుపు ఎవరిదో ఇన్నేళ్లుగా లెక్క వేసుకుంటూనే ఉన్నాను. నాన్న వాదనలు నాయనమ్మను అంగుళం కదిలించలేదు, నావి అసలే లేదు. బొంగు ఆమెను గడప దాకా తెచ్చింది, ఆ గడప మీదే మరి కొన్నేళ్లు నిలిపేది కూడా. చిన్నమ్మ కుండ చంకన పెట్టుకోకపోతే బొంగు బొంగుగానే ఉండిపోయేది.

తర్వాత మా ఇంట్లో బొంగు కూర లేదు. ఒకసారి చిన్నాన్న ముచ్చటపడి నదురుగా ఉన్న బొంగు నరుక్కొస్తే, నాయనమ్మ ఆశ్చర్యంగా చూసి, "ఎందుకురా, ఇంట్ల కుండలు లేవా?" అంది. దాన్ని పందిరికి వాసంగా కట్టేశారు.

నాయనమ్మ లేదు, నాన్న లేడు, కూపులు లేవు. చిన్నమ్మ కూడా పోయిన ఏడు పోయింది. పచ్చి వెదురు వాసన ఇప్పుడు కారాపుకుని కొనుక్కునే వస్తువైంది. ఖమ్మంలో నేనుండే ఖానాపురం హవేలిలో మా అపార్ట్‌మెంటు వాళ్లు ఆదివారమైతే కార్లేసుకుని ఆ షెడ్లకే పోతారు. ఎవరు కాల్చారని అడగరు, ఏ కులం చెయ్యి అని చూడరు, లొట్టలేసుకుంటూ తిని ఫోటోలు పంపుకుంటారు. ఇందుకోసం మా నాన్న తరం గొంతులు చించుకుంది, నేను సంతోషించాలి, సంతోషిస్తాను కూడా. కానీ ఆ ఇళ్లలోనే గిన్నెలు తోమే మనిషికి టీ గ్లాసు వేరు, అది కిటికీ బయట బోర్లించి ఉంటుంది. కిరాయికి ఇల్లు అడిగినవాళ్లను ముందు మీరు తినేదేమిటని అడిగి, తర్వాత ఇంటిపేరు అడిగి, ఆ తర్వాత ఇల్లు ఖాళీ లేదంటారు. నేను అడిగితే ఎవరూ వాదించరు. మీరన్నది నిజమే మేడం అని నవ్వి తలుపు వేసుకుంటారు.

నాయనమ్మది మూఢత్వమే, ఈనాటికీ నేను దాన్ని సమర్థించను. అయితే ఆమెకు కోడలి చేతి కూర తినాలని ఉండేది. తినాలని ఉండబట్టే బొంగుకు అంటు లేదంది, కొత్త కుండకు ఇంకో నియమం కల్పించింది, దారి దొరికిన చోటల్లా దూరింది. అంత ఆరాటం ఉన్న మనిషి ముందు గడప ఎంతకాలం నిలుస్తుంది? మా అపార్ట్‌మెంటులో ఎవరికీ ఎవరి చేతి వంటా తినాలన్న ఆరాటం లేదు. అది లేని వాళ్లతో మాట ఎక్కడ మొదలుపెట్టాలో, ఇన్నేళ్లు వేదికలెక్కిన నాకు తెలియడం లేదు.